తెలుగు సినిమాకి సబ్‌టైటిల్స్ వేసుకునే గతి ఎందుకప్పా?

కర్నూలులో చూడు, కడపలో చూడు, అనంతపురంలో చూడు, ఇదే కథ. తెలుగు తప్ప ఇంకో భాష వినపడని ఇంట్లో తెలుగు సినిమా పెట్టుకుని కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటున్నారు. మాటలొస్తే వాల్యూమ్ 35, ఫైటొస్తే 12. రెండున్నర గంటలూ రిమోట్ చేతిలోనే. "థియేటర్‌కి పోవాల్సింది" అని ఒకరంటే, "ఆడ మాత్రం ఏం అర్థమయింది?" అని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే. ఇల్లా థియేటరా అనే పంచాయితీ పెట్టినప్పుడల్లా జనం తెర సైజు గురించే కొట్టుకుంటారు. నన్నడిగితే చూడాల్సింది మాట ఎక్కడ తేటగా వినపడుతుందనేది.

సినిమా సౌండు 5.1లో, అంటే ఐదు స్పీకర్లకూ దడదడలాడించే ఒక సబ్‌వూఫర్‌కూ వేరువేరు దారులుగా (వీటినే ఛానళ్లంటారు) కలిపేటప్పుడు మాటలు దాదాపు అన్నీ మధ్య ఛానల్‌లోనే పెడతారు. థియేటర్‌లో తెర వెనక, సరిగ్గా నడుమ ఉండే స్పీకరే దానికి నోరు. ఇంట్లో టీవీకి ఆ నోరు లేదు. అడుగున నేల చూపులు చూసే రెండు స్పీకర్లు, చాలా టీవీల్లో ఒక్కోటి 10 వాట్స్. మధ్య ఛానల్‌ను టీవీ రెండు ముక్కలు చేసి, ఒక్కో పక్క 3 డెసిబెల్స్ తగ్గించి, పాటా బాంబులూ వచ్చే ఆ స్పీకర్లలోనే కలిపేస్తుంది. ఇక మాట మునగక ఏమవుతుంది?

సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టుకునే పొడుగాటి స్పీకర్) లేనివాళ్లు ముందు యాప్‌లో ఆడియో లిస్టు తెరిచి చూడండి. 'తెలుగు', 'తెలుగు 5.1' అని రెండూ ఉంటే ఉత్త 'తెలుగు' పెట్టుకోండి. అది ముందే రెండు స్పీకర్లకు కలిపిన సౌండు. తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో మాటను పెంచే మోడ్ ఒకటుంటుంది, క్లియర్ వాయిస్ అనో డైలాగ్ అనో కంపెనీకో పేరు. అది ఆన్ చేయండి. రాత్రిపూట నైట్ మోడ్ కూడా వేస్తే ఫైట్లు అణిగి మాటలు పైకొస్తాయి.

సౌండ్‌బార్ కొనేవాళ్లు అంగడాయన చెప్పే వాట్స్ లెక్కకు పడిపోవద్దు. 400 వాట్స్ అని రాసిన 2.1 బార్‌లో (ఎడమ, కుడి, ఒక సబ్‌వూఫర్) ఎక్కువ భాగం సబ్‌వూఫర్ దడదడకే పోతుంది, మాటకు మళ్లీ దిక్కు లేదు. 3.1 తీసుకోండి. ఆ మూడోది నడుమ స్పీకర్, మాటలకు. దాన్ని బ్లూటూత్‌తో కలిపితే డబ్బు నీళ్లపాలే: రెండు ఛానళ్లే పోతాయి, పైగా పెదాలు కదిలినాక మాట వస్తుంది. టీవీ వెనక ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్‌కే తగిలించండి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఔట్‌పుట్ పీసీఎం మీదుంటే చాలా టీవీలు 5.1ను రెండుకు కుదించి పంపుతాయి. దాన్ని ఆటో మీదికో పాస్‌త్రూ మీదికో మార్చండి. తెచ్చిన మూడో స్పీకర్ మూగగా కూర్చోడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

ఇంతా చేసినా మన ఇళ్లలో ఇంకో శత్రువు ఉంది, అది కాళ్ల కింద. కడప బండలు, బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు: ఎండాకాలం చల్లగా ఉంటాయి, నిజమే. సౌండుకు మాత్రం అద్దాలు. నున్నటి బండ, సున్నం గోడలు, పైన స్లాబు. ఒక మాట నాలుగుసార్లు తిరిగొచ్చి చెవిలో పడుతుంది, హల్లులన్నీ అలుక్కుపోతాయి. టీవీకీ సోఫాకీ మధ్య మందంగా ఒక జంపఖానా పరిచి, కిటికీకి బరువైన కర్టెన్ వేసి వినండి. కొత్త స్పీకర్ కొన్నంత తేడా తెలుస్తుంది. ఇక మే నెలలో కూలర్ పక్కన పెట్టుకుని సినిమా చూసేవాళ్లకు ఏ బారూ సాయం చేయలేదు. సీమ సినిమా అంటే సుమోలు లేచేదీ తొడగొట్టేదీ ఎట్లాగూ వినపడతాయి. అవ్వ గొంతు తగ్గించి అన్న ఒక్క మాట కూలర్ మింగేస్తుంది.

థియేటర్ సంగతికొస్తే, కాగితం మీద దానిదే గెలుపు. సౌండ్ ప్రాసెసర్ మీద ఫేడర్ (సౌండు పెంచే, తగ్గించే మీట) 7 దగ్గర ఉంటే ముందు స్పీకర్ ఒక్కోటీ 85 డెసిబెల్స్ ఇచ్చేలా హాలును సెట్ చేస్తారు. సినిమా కలిపేదీ ఆ లెక్కకే. ట్రైలర్లు చెవులు పగలగొడుతున్నాయని జనం అరుస్తారు, ఆపరేటర్ 5కి దించుతాడు. డాల్బీ ప్రాసెసర్‌లో అది దాదాపు 6.7 డెసిబెల్స్ తగ్గుదల. ట్రైలర్ అయిపోయినాక మళ్లీ పెంచేది ఎవరు? సినిమా మొత్తం అట్లే నడుస్తుంది.

దానికంటే ఘోరం మధ్య స్పీకర్‌లో హారన్, అంటే సన్నటి శబ్దాలు పలికే భాగం, కాలిపోవడం. కింద బరువు శబ్దాలు పలికే వూఫర్ ఆడుతూనే ఉంటుంది కాబట్టి సౌండు వస్తున్నట్టే ఉంటుంది. స, శ, చ, ట లాంటివి మాత్రం రావు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. తెరకున్న సన్నటి బెజ్జాలు దుమ్ముతో పూడుకున్నా కొంతవరకు ఇదే జబ్బు. క్యాబిన్‌లో కూర్చున్నాయనకు ఇది తెలియదు. ఇంటర్వెల్ లోపలే మేనేజర్ దగ్గరికి పోండి, కానీ "సౌండ్ బాలేదు" అనొద్దు. అంటే ఫేడర్ పెంచుతారు, వూఫర్ ఇంకా గట్టిగా మూలుగుతుంది. "సెంటర్‌లో హారన్ రావడం లేదు, టెస్ట్ నాయిస్ వేసి ఒక్కో స్పీకర్ వినండి" అనండి.

సీటు కూడా ముఖ్యమే. తెర నుంచి మూడింట రెండొంతుల దూరంలో, వరసకు నడుమ. బాల్కనీ చూరు కిందికి పోతే మాట మసకబారుతుంది. గోడ పక్క సీట్లో సరౌండ్ స్పీకర్ చెవిలో అరుస్తుంది.

బొమ్మ గురించి రెండే ముక్కలు. 55 అంగుళాల టీవీ వెడల్పు 4 అడుగులు, స్కోప్ సినిమా (బాగా వెడల్పాటి బొమ్మ) వేస్తే అందులో పావు వంతు పైనా కిందా నల్లపట్టీలే. 10 అడుగుల దూరంలో కూర్చుని థియేటర్ ఫీల్ రాలేదంటే ఎట్లా, 7 అడుగులకు జరగండి. వివిడ్ మోడ్ తీసేసి ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా మోడ్ పెట్టి, కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది ఉన్నంతసేపూ ఏ సినిమా అయినా సీరియల్‌లాగే ఉంటుంది. మన తాడిపత్రి కె.వి.రెడ్డిగారి కాలం సినిమాలను తెర నిండా సాగదీసి చూసేవాళ్లకో దండం. ఆ బొమ్మ దాదాపు చదరం, సాగదీస్తే సావిత్రి మొహం కూడా పూరీలా ఉబ్బుతుంది.

ఇక మొదటి మూడు రోజులు హాల్లో ఈలలు, కాగితాలు, జై కొట్టడం. అది వేరే పండగ, దానికి పోయేవాళ్లకు డైలాగుతో పనేముంది! కథ వినాలనుకుంటే సోమవారం మ్యాట్నీకి పోండి. హాలు సగం ఖాళీగా ఉంటుంది, నడుమ సీటు అడక్కుండానే దొరుకుతుంది.