ప్యాకింగుకు బదులు గమ్ము రాస్తారా?

వారంలో ఆరుగురు ఒకే సందేశం పంపారు. విజయనగరం నుంచి ముగ్గురు, శ్రీకాకుళం నుంచి ఇద్దరు, చివరికి మా బావమరిది. "ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర కారుతోందా? గాస్కెట్ మార్చాలనడం మెకానిక్కుల దోపిడీ. బోల్టులు గట్టిగా బిగించండి, చిక్కటి ఆయిల్ పోయండి, పాత ప్యాకింగు మీదే సిలికాన్ గమ్ము దట్టంగా రాయండి." ఇదీ ఆ సందేశంలో ముఖ్యమైన మాట. హౌసింగ్ అంటే ఇంజనులో ఆయిల్ ఫిల్టర్ కూర్చునే గూడు. గాస్కెట్ అన్నా ప్యాకింగు అన్నా, అది ఇంజనును కలిసేచోట ఆయిల్ కారకుండా పెట్టే రబ్బరే.

చిక్కటి ఆయిల్ పోస్తే గట్టిపడిన రబ్బరు మెత్తబడదు. చాలా ఇంజన్లలో బోల్టు దిగేది అల్యూమినియంలోకి. బలం చూపిస్తే బోల్టు పట్టే మర పోతుంది, పని పదింతలవుతుంది. ఈ రెండింటికీ ఇంతకంటే జవాబు అనవసరం.

నన్ను మండించింది గమ్ము మాట. రెండు ముఖాలు కలిపి బిగించినప్పుడు గమ్ము బయటికే వస్తుందా? లోపలికీ అంతే వస్తుంది. బయటిది గుడ్డతో తుడుస్తారు, లోపలిది ఆయిల్ దారిలో వేలాడుతుంది. కాగిన ఆయిల్ దాన్ని ఊడదీస్తుంది. ఫిల్టర్ పట్టేస్తుంది కదా అంటారు. ఫిల్టర్ దాటాక ఊడినదాన్ని ఏ ఫిల్టర్ పడుతుంది? నిరుడు ఒక ఇంజను విప్పుతుంటే పక్కనే ఉన్నాను. వాల్వులు తెరిచే క్యాంషాఫ్టుకు ఆయిల్ వెళ్లే సన్నని రంధ్రంలో ఎర్రటి గమ్ము పోగు, సేమియా ముక్కలా ఇరుక్కుని ఉంది. దాని కింద బేరింగు ముఖం గీతలు పడి నల్లబడింది. డబ్బు మిగల్చడమంటే ఇదేనా?

పైగా చాలా ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఆ హౌసింగుకే ఉంటుంది. ఆయిల్‌కూ, ఇంజనును చల్లబరిచే కూలెంటు ద్రవానికీ మధ్య అడ్డు ఆ రబ్బరే. అది వదిలేస్తే రెండూ కలిసి పాలు పోసిన కాఫీలా మారతాయి. ఇక కారిన ఆయిల్ బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి జారుతుంది. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుండగా బెల్టు పోతే, ఈ సందేశం రాసినవారు వచ్చి తోస్తారా?

ఆ సందేశంలోనే ఒక్క వాక్యం మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. "విప్పే ముందు ఇంజను కడిగి, ఎక్కడ కారుతోందో చూడండి" అని రాశారు. పైనున్న వాల్వు మూత నుంచి జారిన ఆయిల్ హౌసింగ్ దగ్గరే పేరుకుంటుంది. నేను అది చూడకుండా గాస్కెట్ మార్పించాను. కారడం ఆగలేదు. కూలీ రెండుసార్లు కట్టాను.

మార్పించాక పాత ప్యాకింగు అడిగి తీసుకోండి. వంచగానే పుటుక్కున విరిగితే దాని ఆయువు తీరినట్టే.

బావమరిది అప్పుడే గమ్ము ట్యూబు కొన్నాడట. మూత తీయకుండా ఉంచమన్నాను. ఆదివారం నేనే వెళ్లి దాన్ని దుకాణంలో ఇచ్చేసి, కొత్త గాస్కెట్ తెస్తాను.