శిథిలాలకు టికెట్టు, రైతుకు కోర్టు మెట్లు

డిసెంబరు సెలవులొస్తే చాలు, డల్లాస్, హ్యూస్టన్, న్యూజెర్సీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మెక్సికోలో పాత మాయా జనం కట్టిన చిచెన్ ఇట్జా పిరమిడ్ ఫొటోలు వరస కడతాయి. కాన్‌కున్ రిసార్టులో నాలుగు రోజులు, అందులో ఒక పూట పిరమిడ్‌కి. ఏసీ బస్సు, గొడుగు పట్టుకుని ముందు నడిచే గైడు, గేటు బయట బేరమాడి కొన్న టోపీ. ఫొటో కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు: ‘ఎంత గొప్ప నాగరికత! ఎలా అంతరించిపోయిందో పాపం.’

అంతరించిపోలేదండీ. ఆ రిసార్టుల్లో గదులు సర్దేవాళ్ళలో, బఫేలో పళ్ళాలు తీసేవాళ్ళలో మాయా భాష మాట్లాడేవాళ్ళున్నారు. మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్ కలిపి చూస్తే మాయా జనం ఇవాళ్టికీ లక్షల్లో ఉన్నారు. పోయింది రాజులు, వాళ్ళ రాజధానులు. రైతులు ఎక్కడికీ పోలేదు. అందుకే నేననేది ఒక్కటే: మాయా శిథిలాలు చూడాలనుకునేవాళ్ళు ముందు మాయా రైతు చేను చూడాలి. ఆ చేను మీద రైతుకు హక్కు ఉందో లేదో అడగాలి. అడగకుండా రాళ్ళు చూసి వచ్చేస్తే, ఆ రాళ్ళ పేరు చెప్పి సొమ్ము చేసుకునేవాడికి మనం చేతులారా వంత పాడినట్టే.

దీనికి నేను చూపించే చోటు చిచెన్ ఇట్జా కాదు, బెలీజ్ దేశపు దక్షిణ కొసన ఉన్న టొలీడో జిల్లా. పడమర, దక్షిణాల్లో గ్వాటెమాలా సరిహద్దు, తూర్పున కరీబియన్ సముద్రం, మధ్యలో అడవి, వాగులు, కెక్చీ, మోపాన్ అనే రెండు మాయా జనాల ఊళ్ళు. జిల్లా కేంద్రం పుంటా గోర్డా. అందరూ పీజీ అనే అంటారు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడేది ఇక్కడే, అందరికన్నా పేదలున్నదీ ఇక్కడే. 2002లో జరిపిన పేదరిక సర్వేలో దేశం మొత్తం మీద మూడో వంతు జనం పేదలని తేలితే, ఈ ఒక్క జిల్లాలో ఆ లెక్క 79 శాతం. ‘మరచిపోయిన జిల్లా’ అని బెలీజ్‌వాళ్ళే పేరు పెట్టారు. మరచిపోయింది ఎవరో మాత్రం చెప్పరు.

శిథిలాలకు ఇక్కడ కొదవ లేదు. శాన్ పెడ్రో కొలంబియా ఊరి దగ్గర లుబాంతున్ ఉంది. ఎనిమిదో శతాబ్దంలో సున్నం అతుకు లేకుండా, చెక్కిన రాయి మీద రాయి పేర్చి కట్టిన నగరం. మూలలు గుండ్రంగా తిప్పిన ఆ పనితనం దగ్గరగా చూస్తే మేస్త్రీలు దణ్ణం పెడతారు. ఇండియన్ క్రీక్ ఊరి పక్కన నిమ్ లి పునిత్. అక్కడి శాసన స్తంభాల్లో ఒకటి తొమ్మిది మీటర్లు దాటింది. దేశంలో అంత పొడవైనది ఇంకోటి లేదు. ఇంత ఉన్నా లుబాంతున్ పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది స్ఫటిక కపాలం. 1920ల్లో ఇక్కడ తవ్వకాల్లో దొరికిందని ఒక ఇంగ్లీషు సాహసికుడి కుటుంబం దశాబ్దాలపాటు ప్రచారం చేసుకుంది. తీరా చూస్తే ఆయన దాన్ని 1940ల్లో లండన్‌లో కొన్నాడు. సూక్ష్మదర్శిని కింద పెడితే ఆధునిక యంత్రాల గీతలు కనిపించాయి. అబద్ధపు పుర్రెకు దక్కిన పేరులో వందో వంతు కూడా ఆ ఊళ్ళో నిజంగా బతుకుతున్న మనుషులకు దక్కలేదు.

ఆ మనుషుల సేద్యం పేరు మిల్పా. మన భాషలో చెప్పాలంటే పోడు, అచ్చంగా పోడే. ఫిబ్రవరి, మార్చిల్లో పొద కొట్టి ఎండబెడతారు. ఏప్రిల్‌లో నిప్పు పెడతారు. తొలకరికి ముందు మే నెలలో విత్తుతారు. విత్తే రోజు చూడాలి. ఇరవై, ముప్ఫై మంది మగవాళ్ళు వరసగా నిలబడి, మొన దేలిన కర్రతో బూడిద నేలలో గుంట పొడవడం, నాలుగైదు గింజలు వెయ్యడం, ఓ అడుగు ముందుకెయ్యడం. నాగలి లేదు, కూలి డబ్బూ లేదు. ఈ రోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. చేనుగలవాళ్ళు అందరికీ భోజనం పెట్టాలి: కోడి పులుసు, మొక్కజొన్న రొట్టెలు. ఆ రొట్టెల కోసం గింజల్ని ముందురోజే సున్నం నీళ్ళలో ఉడకేసి, పొట్టు వదిలేదాకా కడిగి, పిండి పట్టిస్తారు. సున్నమేమిటని ముఖం చిట్లించకండి. మొక్కజొన్నలో ఒంటికి పట్టకుండా ఉండిపోయే నయాసిన్ విటమిన్‌ను విడిపించేది ఆ సున్నమే. ఈ కిటుకు నేర్చుకోకుండా మొక్కజొన్నను మాత్రం ఎత్తుకెళ్ళిన యూరప్‌లో పెల్లాగ్రా జబ్బుతో జనం పిట్టల్లా రాలిపోయారు.

మాయావాళ్ళు ఎన్నాళ్ళుగా ఈ తిండి తింటున్నారన్నదానికి ఋజువు దొరికింది కూడా ఈ జిల్లాలోనే. బ్లేడెన్ అడవిలోని రాతి చరియల కింద దొరికిన ఎముకల్ని పరీక్షించి, సుమారు 4,700 ఏళ్ళ కిందటే అక్కడివాళ్ళు మొక్కజొన్న బాగా తింటున్నారనీ, 4,000 ఏళ్ళ నాటికి అదే ముఖ్యాహారమైందనీ 2020లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అంతకుముందు 2012లో, శాంటా క్రూజ్ ఊరికి దగ్గర్లోని యోక్ బాలుమ్ గుహలో సున్నపురాతి పొరలు చదివి రెండు వేల ఏళ్ళ వానల లెక్క తీశారు. మాయా రాజ్యాలు ఎందుకు కూలాయన్న ప్రపంచస్థాయి చర్చలో ఆ లెక్క ఇప్పుడు పెద్ద సాక్ష్యం. అంటే ఈ జిల్లా నేల, గుహ, ఎముక అన్నీ విజ్ఞానానికి పనికొచ్చాయి. నేల దున్నకుండా గింజ పండించే మనిషి మాత్రం ‘అడవి తగలేసేవాడు’!

ఈ మాట మనకి కొత్తా? 1882 మద్రాసు అటవీ చట్టం గూడెంవాళ్ళను పోడు కొట్టుకోనివ్వకుండా బిగించింది కూడా ఈ మాట చెప్పే. నాలుగు దశాబ్దాల తర్వాత అల్లూరి సీతారామరాజు మన్యంలో అందుకున్న ఆగ్రహం అక్కడిదే. టొలీడోని ఏలింది కూడా అదే బ్రిటిష్ సర్కారు. అప్పట్లో ఆ దేశం పేరు బ్రిటిష్ హోండురస్. ఊళ్ళ చుట్టూ ‘ఇండియన్ రిజర్వు’లని గీతలు గీసింది, భూమి మాత్రం దొరగారి పేరనే ఉంచుకుంది. 1981లో స్వాతంత్ర్యం వచ్చింది. గీతలూ మిగిలాయి, దొరగారి స్థానంలోకి రాజధాని బెల్మోపాన్‌లోని సచివాలయం వచ్చి కూర్చుంది.

1990ల్లో ఆ సచివాలయం ఊళ్ళవాళ్ళను ఒక్క మాటా అడగకుండా అడవిని మలేసియా కంపెనీలకు కలప కోతకి రాసిచ్చింది. తర్వాత చమురు అన్వేషణకు అనుమతులిచ్చింది. ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు. చేలు, వేట దారులు, నీటి చెలమలు, పూజ చేసే గుహలు గుర్తుపెట్టి తమ పటాలు తామే గీసుకున్నారు. 2004లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ వాళ్ళ పక్షాన తేల్చింది. 2007లో బెలీజ్ ప్రధాన న్యాయమూర్తి అబ్దులాయ్ కాంటే, కోనెహో, శాంటా క్రూజ్ ఊళ్ళ కేసులో, ఆచారం ప్రకారం వచ్చే భూమి హక్కు రాజ్యాంగం కాపాడే ఆస్తి హక్కేనని తీర్పిచ్చారు. 2010లో అదే తీర్పు జిల్లాలోని మాయా ఊళ్ళన్నిటికీ వర్తించింది. చివరికి 2015 ఏప్రిల్ 22న, బెలీజ్‌కు ఆఖరి అప్పీలు కోర్టయిన కరీబియన్ న్యాయస్థానంలో సర్కారు కూడా ఒప్పుకుని ఉత్తర్వు మీద సంతకం పెట్టింది.

ఈ దారి పొడవునా సర్కారు ఎత్తుకున్న వాదన వినండి: ఈ కెక్చీలు, మోపాన్‌లు పందొమ్మిదో శతాబ్దంలో గ్వాటెమాలా నుంచి వలసొచ్చినవాళ్ళు, ఇక్కడి పాత మాయాలకు వారసులు కారు! వచ్చిన మాట నిజమే. కాఫీ తోటల్లో వెట్టిచాకిరీ తప్పించుకుని చాలామంది సరిహద్దు దాటారు. అయితే ఆ సరిహద్దు గీసిందెవరు? వాళ్ళ తాతలు తిరిగిన అడవిలో బ్రిటిష్ దొరలూ గ్వాటెమాలా పాలకులూ కాగితం మీద గీసుకున్న గీత అది. కోర్టులో ‘వీళ్ళు వేరు, ఆ మాయాలు వేరు’ అన్న అదే దేశం, బయటికొచ్చి టూరిజం పోస్టర్ మీద మాయా గుడి బొమ్మ వేస్తుంది. అక్కడ ఎక్కువగా తాగే బెలికిన్ బీరు సీసా మీద ఉన్నది అల్తున్ హా గుడి. తాతలు తాగిన నేతి వాసన ఊరందరికీ అమ్ముకుంటూ, మనవడొచ్చి గిన్నె అడిగితే ‘నువ్వెవరు?’ అంటే ఎట్లా ఉంటుంది?

నా వాదనకు ఉష్‌బెంకా ఒక్కటి చాలు. శాంటా క్రూజ్ ఊరి పొలిమేరలోని ప్రాచీన నగరం అది. ఊరి అనుమతి లేకుండా ఒకతను ఆ శిథిలాల మీదే ఇల్లు కట్టాడు, బండి దారీ తవ్వాడు. ఊళ్ళవాళ్ళు అధికారులకు మొరపెట్టుకున్నారు. ఫలితం లేదు. 2015 జూన్‌లో ఊరు కూర్చుని మాట్లాడుకునే చోట అతనితో గొడవై, అతన్ని కాసేపు నిర్బంధించారు. పోలీసులొచ్చారు. శిథిలాలు చెడగొట్టినవాడి మీద కాదు, కాపాడబోయినవాళ్ళ మీద కేసు పెట్టారు. మాయా నాయకుల కూటమి ప్రతినిధి క్రిస్టీనా కోక్‌తో కలిపి 13 మందిని తెల్లవారుజామున ఇళ్ళమీద పడి అరెస్టు చేశారు. కరీబియన్ న్యాయస్థానం ఉత్తర్వు మీద సిరా ఆరి అప్పటికి రెండు నెలలే అయింది. ఏడాది తర్వాత కేసు కొట్టేశారు, అది వేరే సంగతి. పురావస్తువులకు రక్షకుడు రాజ్యమేనా, ఊరా అని ఎవరైనా నన్నడిగితే ఈ ఒక్క కథ చెప్పి ఊరుకుంటాను.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. శిథిలాలు జాతి మొత్తానివి, ఒక ఊరి చేతిలో పెడితే దొంగ తవ్వకాలు పెరుగుతాయంటారు. జనాభా పెరిగి, బీడు వదిలే ఏళ్ళు తగ్గిపోయి పోడు నేలను పీల్చేస్తోందంటారు. పల్లెల్ని చూడబోతే అవి బొమ్మల కొలువైపోతాయనీ అంటారు. మొదటి మాటకి జవాబు ఉష్‌బెంకాలోనే చూశాం. రెండో మాటలో కొంత నిజముంది. అయితే బీడు వదలడానికి చోటు ఎందుకు తగ్గింది? కలపకీ, రోడ్లకీ, రిజర్వులకీ భూమి పోబట్టే కదా! జబ్బు పెట్టినవాడే వైద్యుడి వేషం కట్టడమిది.

మూడో మాటకి జవాబు టొలీడోలోనే ఉంది. 1990 నుంచి కొన్ని ఊళ్ళు కలిసి అతిథి గృహాలు నడుపుతున్నాయి. కట్టింది ఊరు, నడిపేది ఊరు. వచ్చినవాళ్ళకి భోజనం పెట్టే వంతు ఇల్లిల్లూ తిరుగుతుంది. పొద్దున ఒకరింట్లో, మధ్యాహ్నం ఇంకొకరింట్లో. అడవి చూపించేవాడూ వంతు ప్రకారమే. ఊరి పెద్దను అల్కాల్దే అంటారు. జనం ఎన్నుకుంటారు, చిన్న తగాదాలు తీర్చే అధికారం చట్టమే ఇచ్చింది. ఏడాదికి కొన్నిసార్లు ఆయన పిలుపు మీద ఊరంతా కత్తులు పట్టుకొచ్చి దారులు, బడి ఆవరణ శుభ్రం చేస్తారు. ఇలాంటి ఊరికి వెళ్ళినవాడు ప్రేక్షకుడు కాడు, వంతు ప్రకారం వచ్చిన చుట్టం. రిసార్టు వ్యాపారానికి ఈ పద్ధతి గిట్టకపోవడం సహజం. ఇందులో కమీషను లేదు.

కోకో సంగతి గోదావరి జిల్లాలవాళ్ళు శ్రద్ధగా వినాలి. టొలీడో రైతులు అడవి నీడనే కోకో పెంచుతారు. నీడకు వేసే చెట్లలో మన గట్ల మీది గ్లైరిసిడియా కూడా ఉంది. 1990ల మొదట్లో ధర పడిపోతే చాలామంది కాయలు చెట్టుకే వదిలేశారు. అప్పుడు బ్రిటన్ చాక్లెట్ కంపెనీ గ్రీన్ అండ్ బ్లాక్స్ వచ్చి రైతుల సంఘంతో ఏళ్ళ తరబడి కొనే ఒప్పందం చేసుకుంది. 1994లో ఆ గింజలతో వచ్చిన మాయా గోల్డ్ చాక్లెట్ బ్రిటన్‌లో, రైతుకు న్యాయమైన ధర దక్కిందని చెప్పే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర పడ్డ మొట్టమొదటి సరుకు. 2001లో ఐరిస్ తుఫాను తోటల్ని నేలమట్టం చేసినా సంఘం చావలేదు. ఇక్కడ 2025 వేసవిలో ఏలూరు, పశ్చిమ గోదావరి కోకో రైతులు ధర కోసం రోడ్డెక్కారు. చెట్టు ఒకటే, గింజ ఒకటే. అక్కడ సంఘం పేరుతో బేరం జరిగింది, ఇక్కడ ఎవరికి వారే కంపెనీ గోడౌన్ ముందు లైన్లో నిలబడ్డారు.

రాళ్ళకూ మనుషులకూ మధ్య రాజ్యం ఎవర్ని ఎంచుకుంటుందో మనం ఇంట్లోనే చూశాం. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు ఇక్ష్వాకుల విజయపురిని 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని విప్పదీసి, కొండ మీద జాగ్రత్తగా తిరిగి పేర్చారు. చాలా గొప్ప పని, కాదనను. ఇవాళ లాంచీ ఎక్కి వెళ్ళి చూసొస్తున్నాం. అదే లోయలో చేలు దున్నుకున్న జనం ఎక్కడికి వెళ్ళారో ఆ మ్యూజియంలో ఏ గాజు పెట్టె చెబుతుంది? ప్రతి ఇటుకకూ నంబరు దక్కింది, రైతుకి దక్కలేదు. 1997 సమతా తీర్పు మన ఏజెన్సీలో గిరిజన భూమిని ప్రైవేటు గనులకిచ్చే దారి మూసింది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు నోరిచ్చింది. అవి అమలైన తీరు పోడు పట్టా కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే ఏ కోయ రైతునడిగినా చెబుతాడు. టొలీడోలోనూ అంతే. తీర్పొచ్చి పదేళ్ళు దాటినా ఊళ్ళ హద్దులు గీసే పని తెమలలేదు.

కాబట్టి వెళ్ళేవాళ్ళకు చెప్పేదేమంటే, మానొద్దు, వెళ్ళండి. పీజీలో సోమ, బుధ, శుక్ర, శనివారాలు సంత. తెల్లవారకముందే ఊళ్ళ నుంచి కోకో గింజలు, కూరలు, కోళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళు మధ్యాహ్నం బస్సుల్లో తిరిగి వెళతారు. ఆ బస్సే ఎక్కండి. విత్తే రోజులు కావాలంటే మే నెలలో వెళ్ళండి. ఊరికి చేరాక ముందు అల్కాల్దేని కలవండి. బస డబ్బులు ఊరి అతిథి గృహానికే కట్టండి. గైడుగా ఆ ఊరివాణ్ణే పెట్టుకోండి, చేను చూపించమనండి. రాళ్ళు ఆ తర్వాత. ‘మీ ఊరి హద్దులు గీశారా?’ అని అడగండి. ఆ కబురు కూడా తిరిగొచ్చాక వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కపాలం గురించి మాత్రం అడక్కండి, వాళ్ళు ఇప్పటికే విసిగిపోయి ఉంటారు.