మహారాజశ్రీ మూజువాణి ఓటు గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. పేర్లు రాసుకోకుండా ఔను, కాదు అన్న గొంతులు విని తేల్చే ఓటు కదా తమరు. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా తమ దర్శనం నాలుగుసార్లు అయింది. నాలుగుసార్లూ ఒకే బిల్లులో. అందుకే ఈ లేఖ.

నవంబరులో ఎన్నిక. అమెరికా ప్రతినిధుల సభకి, అదే హౌస్‌కి, మళ్లీ పోటీ చేస్తున్న ఒక సభ్యుడి పోస్ట్‌కార్డు మెయిల్‌బాక్సులో పడింది. నిగనిగలాడే అట్ట, వెల్డింగ్ చేస్తున్న కుర్రాడి బొమ్మ, కింద లావుపాటి అక్షరాల్లో "వృత్తివిద్య కోసం పోరాడాను" అని. పోరాటం అన్నాక ఎక్కడో ఒకచోట ఓటు ఉండాలి కదా! ఆ అమాయకత్వంతోనే బిల్లుల చరిత్ర అంతా ఉండే కాంగ్రెస్ డాట్ గవ్ సైటు తెరవడం జరిగింది.

వృత్తివిద్యకు ఈ దేశంలో ఆధారం పెర్కిన్స్ చట్టం. 2018 నాటికి ఏడాదికి సుమారు 120 కోట్ల డాలర్లు. 2018లో దాన్ని తిరగరాసిన బిల్లు హెచ్.ఆర్. 2353. బిల్లు పేజీలో 'యాక్షన్స్' నొక్కితే కొత్తది పైన, పాతది అడుగున వస్తుంది కాబట్టి కింది నుంచి పైకి చదువుకోవాలి. 2017 మే నెల, కమిటీ: మూజువాణి ఓటుతో ఆమోదం. 2017 జూన్ 22, హౌస్: మూజువాణి. 2018 జులై 23, సెనేట్: మూజువాణి. రెండు రోజుల తర్వాత సెనేట్ సవరణకు హౌస్ తలూపింది, అదీ మూజువాణే. జులై 31న అధ్యక్షుడు సంతకం పెట్టారు. 535 మంది ఉన్న చోట ఔనని చెప్పినట్టు రుజువున్న మనిషి, బిల్లు తెచ్చినవాళ్లని పక్కన పెడితే, ఆయనొక్కరే. ఆయనేమో కాంగ్రెస్ సభ్యుడు కాదు.

అసలు తమాషా దీనికి ముందు జరిగింది. 2016 సెప్టెంబరులో ఇదే పెర్కిన్స్‌ని మార్చాలని హెచ్.ఆర్. 5587 వచ్చింది. దానికి హౌస్‌లో పేరుపేరునా ఓటింగ్ జరిగింది: ఔను 405, కాదు 5. ఆ అయిదుగురు ఎవరో ఈ రోజుకీ ఒక్క క్లిక్కుతో తెలుస్తుంది. ఆ బిల్లు సెనేట్ గడప దాటలేదు. అంటే పేర్లున్న బిల్లు చట్టం కాలేదు, చట్టమైన బిల్లుకు పేర్లు లేవు. ఈ ఏర్పాటు ఎంత ముచ్చటగా ఉందో తమరే సెలవియ్యాలి.

తెలుగువాళ్లకు తమరు కొత్తవారేం కాదు. 2014 జనవరి 30న హైదరాబాదు శాసనసభలో విభజన బిల్లు వద్దన్నది తమ నోరే. మూడు వారాలు తిరక్కుండా ఫిబ్రవరి 18న లోక్‌సభలో, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా, అదే బిల్లు కావాలన్నదీ తమ నోరే. ఆ రాత్రి టపాసులు కాల్చిన ఇంట్లోనూ, అన్నం మానేసి పడుకున్న ఇంట్లోనూ తమ పేరు తెలుసు. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం అన్నీ దాటుకుని ఓటుహక్కు దాకా వస్తే, ఇక్కడ కూడా గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నది తమరే.

తమ పనితనం దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. పేచీ లేని బిల్లులకి ఎక్కువగా 'సస్పెన్షన్ ఆఫ్ ది రూల్స్' అనే దారి పడతారు. నలభై నిమిషాల చర్చ, ఇటు ఇరవై, అటు ఇరవై. సభ్యులు సవరణలు పెట్టడానికి లేదు. గెలవాలంటే మూడింట రెండొంతులు కావాలి. అధ్యక్షస్థానంలో ఉన్నాయన ఎదురుగా చాలాసార్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. ఔనన్నవాళ్లు ఔనండి, కాదన్నవాళ్లు కాదనండి అంటాడు. రెండు గొంతులు వినిపిస్తాయి. "అధ్యక్షస్థానం అభిప్రాయంలో మూడింట రెండొంతులు ఔనన్నారు." మూడింట రెండొంతులని చెవితో తూచే ఆ త్రాసు ఏ కొట్లో దొరుకుతుందండీ? కూరల బండివాడు కూడా రాయి వేసి తూస్తాడే! మళ్లీ ఎవరూ తిరగదోడకుండా పునఃపరిశీలన తీర్మానాన్ని కూడా అదే ఊపులో బల్లమీద పెట్టి బిగించేస్తారు. ఇదంతా కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

తమరు లేని చోట ఎంత హాయిగా ఉంటుందో చెబితే నొచ్చుకోకండి. హౌస్‌లో 1973 నుంచీ ఎలక్ట్రానిక్ ఓటింగ్ ఉంది, ఫలితాలు హౌస్ క్లర్క్ సైటులో సభ్యుడి పేరుతో సహా దొరుకుతాయి. 2023 మార్చిలో తల్లిదండ్రుల హక్కుల బిల్లు, హెచ్.ఆర్. 5, 213–208తో గట్టెక్కింది. అది చూసి ఊరుకుంటే పార్టీ గీత తప్ప పెద్దగా ఏం కనబడదు. అదే బిల్లు మీద వచ్చిన సవరణల్లో, బడి చదువుల మీద కేంద్ర విద్యాశాఖ అధికారాన్ని ఎత్తేయాలని అభిప్రాయం చెప్పేది ఒకటుంది. అది 161–265తో ఓడిపోయింది. చివరి ఓటులో భుజాలు కలిపిన పార్టీవాళ్లే ఇక్కడ రెండుగా చీలారు. మనిషి అసలు రంగు చివరి ఓటులో కాదు, సవరణ ఓటులో దొరుకుతుంది. ఆ దొరికే చోట కూడా తమరు అడ్డు తగలకపోతేనే.

తమ బంధువర్గాన్ని కూడా ఈ సందర్భంగా స్మరించుకుంటున్నాం. పెద్దన్నగారు ఆమ్నిబస్, అంటే బోలెడు విషయాలు ఒకే మూటగా కట్టిన బిల్లు: 2022 డిసెంబరు ఖర్చుల బిల్లు 4,155 పేజీలు. అందులో పేద విద్యార్థుల కాలేజీ చదువుకిచ్చే పెల్ గ్రాంటు గరిష్ఠం 500 డాలర్లు పెరిగి 7,395 అయింది. దానికి కాదన్న సభ్యుడు పేద విద్యార్థులకు వ్యతిరేకి అని ఎదుటి పక్షం కరపత్రం వేస్తుంది. ఆయన కాదన్నది మిగతా 4,154 పేజీల్లో దేనికో ఎవరికి ఎరుక? చిన్న తమ్ముడు కన్సెంట్ ఎజెండా స్కూల్ బోర్డుల్లో కాపురం ఉంటాడు. అభ్యర్థి ఒకప్పటి బోర్డు మెంబరైతే మినిట్స్ తెరవాలి. తెరిస్తే వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్. వెతికితే మాట దొరకదు, కళ్లతోనే చదవాలి. చదివితే బస్సుల కాంట్రాక్టు, పాఠ్యపుస్తకాల కొనుగోలు, టాయిలెట్ మరమ్మతు అన్నీ ఒకే మూటగా "ఏకగ్రీవం". విద్యా కమిటీ గారైతే హౌస్ చేతులు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటారు. డెమోక్రాట్లొస్తే 'లేబర్', రిపబ్లికన్లొస్తే 'వర్క్‌ఫోర్స్'. ఒక్క పేరుతోనే వెతికినవాడికి సగం చరిత్రే చిక్కుతుంది. ఇక అభ్యర్థి సైటులో 'విద్య' పేజీ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ముందు ఒకటి, తర్వాత ఒకటి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000 నుంచీ ఎన్నికల సైట్ల ప్రతులు భద్రపరుస్తోంది కాబట్టి ఆ దొంగ కొన్నిసార్లయినా దొరుకుతాడు.

కోస్పాన్సర్ల, అంటే బిల్లుకు మద్దతుగా పేరిచ్చినవాళ్ల, జాబితా చూసుకోవచ్చుగా అంటారేమో. చూడొచ్చు, తేదీలతో సహా ఉంటుంది. కానీ అందులో చేరడానికి ఖర్చు ఒక్క సంతకం. ప్రత్యేక విద్యలో ఒక్కో విద్యార్థికి దేశ సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామని ఫెడరల్ ప్రభుత్వం 1975లో అంది. ఆ 40 ఇప్పటికీ కనుచూపు మేరలో లేదు. పూర్తిగా ఇచ్చేస్తాం అనే బిల్లు మాత్రం కాంగ్రెస్ తర్వాత కాంగ్రెస్ వస్తూనే ఉంది, కింద సంతకాలు పడుతూనే ఉన్నాయి. అదైనా నయం, సంతకం కనబడుతుంది. పోస్ట్‌కార్డు పెద్దమనిషి పేరు 2353 జాబితాలో అది కూడా లేదు. హౌస్‌లో కమిటీ నివేదిక వచ్చేశాక కొత్తగా పేరు చేర్చరు కాబట్టి మరిచిపోయి తర్వాత చేరాడనడానికీ లేదు. సభలో జరిగినదంతా అచ్చేసే కాంగ్రెషనల్ రికార్డులో ప్రసంగం ఉందేమోనని చూస్తే ఒక పేరా ఉంది. వేరే రకం అచ్చులో. హౌస్ భాగంలో అచ్చు మారిందంటే ఆ మాట సభలో పలికింది కాదు, కాగితం మీద ఇచ్చి అచ్చేయించుకున్నది.

ఇక చాలు, మర్యాద నా వల్ల కాదు. ఒక మామూలు టీచరమ్మ ఒక అభ్యర్థికి ఒక ఎన్నికల కాలం మొత్తంలో 200 డాలర్లు దాటి ఒక్క డాలరు ఎక్కువ చందా ఇస్తే ఆమె పేరు, ఊరు, ఏం చేస్తుందో, ఎక్కడ చేస్తుందో అన్నీ ఎన్నికల కమిషన్ సైటులో లోకమంతా చూసేలా పెడతారు. 120 కోట్లకి ఔనన్నవాడి పేరు మాత్రం నువ్వు మింగేస్తావు. ఏం కడుపయ్యా నీది? ఆమెకి లేని గోప్యత వీళ్లకెందుకు?

పోనీ నీ తప్పే అందామంటే అదీ కుదరడం లేదు. హాజరైనవాళ్లలో అయిదో వంతు కోరితే పేర్లు రాయాల్సిందేనని రాజ్యాంగం మొదటి అధికరణం, అయిదో సెక్షన్ చెబుతోంది. సభలో పదిమంది ఉంటే ఇద్దరు లేస్తే చాలు. హౌస్ నిబంధనల దారిలో వెళ్లినా 44 మంది. అంతకంటే సులువు, ఒకే ఒక్కడు లేచి "కోరం లేదు", అంటే సభలో ఉండాల్సినంత మంది లేరు, అని ఓటుకు అభ్యంతరం చెబితే గంటలు మోగి, అందరూ పరిగెత్తుకొచ్చి కార్డులు గుచ్చాల్సిందే. ఒక్కడు! 2018 జులై 25న ఆ ఒక్కడు లేవలేదు. నిన్ను ఎవరూ బలవంతంగా తెచ్చి కూర్చోబెట్టలేదు, ఎవరూ లేవమననూ లేదు. గుమ్మం ముందు చాప ఎవడు పరిచాడో వాడిని వదిలేసి చాపని తన్నడం ఏం న్యాయం?

అదే రోజు వేరే బిల్లుల మీద రోల్ కాల్స్, అంటే పేరుపేరునా ఓటింగులు, జరిగాయి. వాటిలో మన పోరాటయోధుడి పేరుంది. అంటే ఊళ్లోనే ఉన్నాడు.

ఇట్లు,
తమ గొంతు తప్ప ముఖం ఎరగని ఒక ఓటరు

తా.క.: వాషింగ్టన్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ రోజు 2353 మీద సారు ఔనన్నారా, కాదన్నారా, అసలు సభలో ఉన్నారా అని అడగడం జరిగింది. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా పేరు, జిప్ కోడ్ అడిగి రాసుకుంది. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామండీ" అంది.