డల్లాస్ దూరం ఉదయగిరి నుంచి లెక్కేయాలి

చెన్నై నుంచి అమెరికాలోని డల్లాస్‌కు ఆకాశంలో దాదాపు 14,900 కిలోమీటర్లు. రెండు ఊళ్లూ భూమికి ఇటొకటి అటొకటి ఉన్నాయి కాబట్టి దగ్గరి దారి తూర్పుకూ కాదు, పడమరకూ కాదు, ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగమైతే పదహారున్నర గంటలని ఫోన్ లెక్క చెబుతుంది. లెక్క బాగానే ఉంది, ఆ దారిన ఎక్కించుకుపోయే విమానమే లేదు. దుబాయ్‌లోనో దోహాలోనో ఇంకెక్కడో దిగి మారాల్సిందే. దుబాయ్ దాకా నాలుగు గంటల పైమాటే, అక్కణ్నుంచి డల్లాస్‌కు మరో పదహారు గంటలు, మధ్యలో పడిగాపులు అదనం.

టికెట్ మీద వేళలు ఇంకా తికమక పెడతాయి. తెల్లవారుజామున నాలుగుకు బయల్దేరి అదే రోజు సాయంత్రం నాలుగుకు దిగుతారని రాసుంటే, పన్నెండు గంటలే కదా అని పెద్దవాళ్లు అనుకుంటారు. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అంటే ఎండాకాలంలో ఆ ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు! షుగర్ మాత్రలు వేళకు వేసుకునే అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే విడమరచి చెప్పాలి.

ఇదంతా చెన్నై విమానాశ్రయం మీనంబాక్కంలో విమానం ఎక్కాక సంగతి. అసలు అక్కడికి చేరేదెట్లా? నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి నెల్లూరుకే వంద కిలోమీటర్లు, నెల్లూరు నుంచి చెన్నైకి ఇంకో 175. మనం రెడ్‌హిల్స్ వైపు నుంచి, అంటే ఊరికి ఉత్తరాన దిగుతాం, విమానాశ్రయమేమో దక్షిణాన ఉంది. పైగా మూడు గంటల ముందే అక్కడుండాలి. రైల్లో చెన్నై సెంట్రల్ స్టేషన్‌కు చేరితే ఎదురుగానే మెట్రో ఉంది, ఒక్క రైలు ఎక్కితే ఎయిర్‌పోర్టే. కానీ గల్ఫ్ మీదుగా పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో ఎగురుతాయి, మెట్రో రాత్రి పదకొండుకల్లా ఆగిపోతుంది. దాంతో కారు మాట్లాడుకుని, టోల్ గేట్లన్నీ దాటుకుంటూ, ఎక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామోనన్న టెన్షన్‌తో సాయంత్రమే బయల్దేరతారు. కనిగిరి, కందుకూరు వాళ్లకైతే ఇది ఇంకా ఎక్కువ. దిగాక ఇంటికి రావడానికి మళ్లీ ఇదే తంతు.

మన నెల్లూరు జిల్లాలోనే దగదర్తి విమానాశ్రయానికి 2019లో పునాది రాయి వేశారు. అది రావాలి, రావాలనే మేమూ అంటున్నాం. కాకపోతే అది వచ్చినా అక్కడి నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎగరదు, మహా అయితే హైదరాబాదుకో ఢిల్లీకో పోయి మారాలి. అంతదాకా ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా నేరుగా మీనంబాక్కం టెర్మినల్ గుమ్మం దాకా, అర్ధరాత్రి విమానాల వేళకు సరిపోయేట్టు ఆర్టీసీ బస్సులు నడవాలి. పెద్ద పెట్టెలు రెండేసి పట్టే చోటు వాటిలో ఉండాలి, విమానం ఆలస్యమైతే తర్వాతి బస్సులో అదే టికెట్ చెల్లాలి. దీనికి భూసేకరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతులూ అక్కర్లేదు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఆర్టీసీ అధికారులతో, తమిళనాడు వాళ్లతో కూర్చుని మాట్లాడితే అయ్యే పని. పిల్లలు ఆగస్టు చదువులకు బయల్దేరేలోపే ఈ బస్సులు రోడ్డెక్కాలి.