ఊర్మిళకు దక్కిన నిద్ర

వాల్మీకి రామాయణంలో పెళ్లి తర్వాత ఊర్మిళ మనకు దాదాపు కనబడదు. తెలుగు ఆడవాళ్లు మాత్రం ఆమెను అలా వదిలెయ్యలేదు. తరతరాలుగా ఇళ్లలో పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో ఆమే కథానాయిక. లక్ష్మణుడు అడవికి వెళ్లాక ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. అతను తిరిగొచ్చి పలకరిస్తే, ఎవరో పరాయి మగవాడనుకుని మగతలోనే మందలిస్తుంది. పరస్త్రీని కోరిన ఇంద్రుడు, రావణుడు ఏమయ్యారో తెలియదా అని నిలదీస్తుంది.

దీన్ని పతివ్రత కథగానే చదివినవాళ్లు ఉన్నారు. మాకు ఇంకో సంగతి కూడా వినిపిస్తుంది. కోడికూతకు లేచి, అందరూ పడుకున్నాక నడుం వాల్చే ఆడవాళ్లు తమ కథానాయికకు ఏరికోరి ఇచ్చిన వరం నిద్ర. ఎంత అలసిపోతే అలాంటి ఊహ వస్తుంది!

తెలుగు ఆధునిక కథ తొలి అడుగులు కూడా ఇల్లాలి దగ్గరే పడ్డాయి. 1902లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’లో పేద ఇల్లాలు విజయలక్ష్మి, పరుల సొమ్ముకు ఆశపడిన భర్తను దారికి తెస్తుంది. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’లో కమలిని ఒక్క ఉత్తరంతో మొగుడి కళ్లు తెరిపిస్తుంది. ఇద్దరూ తెలివైనవాళ్లే. అయితే ఆ తెలివంతా భర్తను బాగుచెయ్యడానికే ఖర్చయింది. వాళ్ల అలసట గురించి కథ అడగలేదు.

అడిగింది తర్వాతి తరం రచయిత్రులు. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’లో ఇల్లాలికి కావలసింది కంటినిండా నిద్ర, అంతే. అది దొరక్క చివరికి ఆమె నిద్రమాత్రలను ఆశ్రయిస్తుంది. ఊర్మిళ పాట పక్కన పెట్టి ఈ కథ చదివితే మనసు కలుక్కుమంటుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే...’లో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. చిన్నప్పటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచాక గానీ గుర్తు రాదు. ఆ తర్వాత ఆమె ఇల్లు వదిలి పారిపోదు. ఇంటికొచ్చి, నన్ను పేరు పెట్టి పిలవమని భర్తకు చెబుతుంది. ఆ మాట అనడానికి కావలసిన ధైర్యం తక్కువదేమీ కాదు.

గడప దాటిన స్త్రీలు మన సాహిత్యానికి ఎంతో ఇచ్చారు. వాళ్లను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కానీ ఇంట్లో ఉన్నామెను త్యాగమూర్తి అని దండ వేసి పక్కన పెట్టడం, లేదంటే ‘వంటింటి సాహిత్యం’ అని చప్పరించెయ్యడం, రెండూ అన్యాయమే. నెలాఖరుకి మిగిలిన డబ్బుతో నలుగురి అవసరాలు తీర్చడం, మంచం పట్టిన అత్తగారికి మందు, పిల్లాడికి పరీక్ష టెన్షన్ ఒకేసారి చూసుకోవడం నిర్ణయాలతో కూడిన పని. కథకు అంతకంటే ఏం కావాలి?

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెడుతున్నది 88. ప్రమాద పరిహారం కేసులో గృహిణి శ్రమకు విలువ కట్టాల్సిందేనని 2021 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉండి దీన్ని వివరంగా రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఎన్.వి. రమణ. కోర్టు చూడగలిగినదాన్ని విమర్శకులు, పాఠ్యపుస్తకాల కమిటీలు చూడలేవా? ఈ కథలు ఇంటర్ పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, పాఠాలు కావాలి.

ఊర్మిళ పాట నోటికి వచ్చిన పెద్దవాళ్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. ఈ సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చెయ్యమని పాఠకులను కోరుతున్నాం. కింద ‘మా నానమ్మ’, ‘మా అమ్మమ్మ’ అని రాసి ఊరుకోకండి. ఆమె పేరు రాయండి.