పేరున్న దొర, పేరులేని గీతగాడు

గోదావరి డెల్టాలో ఊరూరా కాటన్ దొర విగ్రహాలున్నాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీల ముఖాలు మాత్రం మనకు తెలియవు. ఎవరిని పేరుతో, ఎవరిని పనితో గుర్తుపెట్టుకోవాలో మన కళ్లకు అలవాటు చేసినవాటిలో వలస పాలన నాటి చిత్రకళ కూడా ఒకటని నా వాదన.

18వ శతాబ్దం చివరి నుంచి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం తంజావూరు చిత్రకారులు గీసిన కులవృత్తుల బొమ్మలే చూడండి. ఒక్కో కాగితం మీద ఒక్కో జంట. కల్లు గీసే మనిషయితే ఒంటిమీద చెట్టెక్కే మోకు, కత్తి. పక్కన కుండతో భార్య. ఊరూ ఇల్లూ ఉండవు. బొమ్మకు రాసేది కులం పేరే గానీ అతని పేరు కాదు. ఏ చెట్టుకు ఎన్ని లొట్లు (కల్లు కుండలు) కట్టాలో, ఏ గెలను ఎప్పుడు గీయాలో లెక్క కట్టే బుర్ర అతనిదని కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. బొమ్మలో మిగిలింది పనిముట్టు. గీసిన చెయ్యి మనవాళ్లదే కనుక దోషమంతా దొరల మీదకు నెట్టలేం. కులాన్ని వాళ్లు కనిపెట్టలేదు. దానికొక వేషం, ఒక కాగితం కేటాయించి, మనిషిని నమూనాగా మార్చి ఆల్బమ్‌లో పెట్టుకున్నారు.

ఒంటి రంగు సంగతి లండన్‌లో ఇంకా సూటిగా కనబడుతుంది. కంపెనీ ప్రధాన కార్యాలయం పైకప్పు కోసం 1778లో స్పిరిడియోన్ రోమా వేసిన చిత్రంలో బ్రిటన్‌కు ప్రతీకైన తెల్లని బ్రిటానియా ఎత్తైన రాతిమీద కూర్చుంటే, నల్లని మేని ఇండియా కింద నుంచి ముత్యాలూ రత్నాలూ అందిస్తుంది. వర్తకాన్ని కానుకగా చూపిన అబద్ధమది. మన ఇంజరం, మాధవాయిపాలెం ఫ్యాక్టరీలకు (కంపెనీ వర్తక స్థావరాలకు) నేతగాళ్లు బట్ట నేసింది బయానాలకు కట్టుబడే తప్ప భక్తితో కాదు.

రాజమండ్రిలో పుట్టి, బొంబాయిలో చదివి, 1925లో 27 ఏళ్లకే కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు ఈ చట్రాన్ని కొంత బద్దలు కొట్టాడు. (అతన్ని ముందుగా గుర్తించింది ఆంగ్లేయుడైన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే కావడం చరిత్ర చమత్కారం.) అతని స్త్రీలను చూస్తే కంటికి ముందు ఆనేది గీత ఒంపు, కులం గుర్తు వెతకబుద్ధి కాదు. అయితే ఇది సగం జవాబే: నమూనా స్థానంలో సౌందర్యం వచ్చింది, మోకు కట్టుకున్న మనిషికి పేరు రాలేదు.

స్టేషనరీ దుకాణాల్లో పిల్లల కోసం అమ్మే వృత్తుల చార్టుల్లో ఇప్పటికీ గడికొక మనిషి, చేతిలో పనిముట్టు, కింద ‘కుమ్మరి’, ‘కమ్మరి’, ‘చాకలి’.