కూర్మారావు పేరును వదులుకోవద్దు

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఒకప్పుడు తరచుగా వినిపించిన కూర్మారావు, కూర్మినాయుడు, కూర్మయ్య, కూర్మమ్మ వంటి పేర్లు ఇవాళ తాతల, అమ్మమ్మల పింఛను కాగితాల మీదే ఎక్కువగా కనిపిస్తున్నాయి. మిగతా తెలుగునేలలో అరుదైన ఈ పేర్లకు పుట్టిల్లు గార మండలంలోని శ్రీకూర్మం. విష్ణుమూర్తి మూలవిరాట్టే కూర్మరూపంలో పూజలందుకునే ఆలయం దేశంలో బహు అరుదు. పడమటి ముఖంగా వెలసిన స్వామి, రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో ఆకుకూరలు కొరుకుతూ తిరిగే నక్షత్ర తాబేళ్లు, నరహరి తీర్థులు 1281లో వేయించిన శాసనం ఈ క్షేత్రానికి ప్రత్యేకమైనవి.

సింహాచలం అప్పన్న పేరిట అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు, విజయనగరం పైడితల్లి పేరిట పైడిరాజులు, శ్రీముఖలింగేశ్వరుని పేరిట ముఖలింగాలు వెలసినట్టే, కూర్మనాథునికి మొక్కుకున్న ఇళ్లలో కూర్మారావులు పుట్టారు. అప్పన్న పేరు ఉత్తరాంధ్ర అంతటా పాకింది. కూర్మనాథుని పేరు మాత్రం సిక్కోలు (శ్రీకాకుళం) చుట్టుపక్కలే నిలిచింది. అందుకే బతుకుతెరువుకు ఖరగ్‌పూర్‌కో హైదరాబాద్‌కో వెళ్లిన కూర్మారావును మన ప్రాంతం తెలిసినవారు, ఇంటిపేరు అడగకుండానే, ‘మీది సిక్కోలా?’ అని పలకరిస్తారు.

బడిలో తోటిపిల్లలు తాబేలని ఏడిపిస్తారన్న బెరుకుతో తల్లిదండ్రులు ఈ పేరును దాటవేస్తున్నారు. ఆ బాధను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే పాలకడలిలో మునిగిపోతున్న మందరగిరిని వీపున మోసి నిలబెట్టిన కథను ముందే చెప్పి పెంచితే, ఆ బిడ్డ తన పేరును తలెత్తుకుని చెప్పుకుంటాడు. మరీ పాతగా తోస్తే కూర్మనాథ్ అని పెట్టుకోవచ్చు, లేదా తమకు నచ్చిన పేరు పక్కన దీన్ని చేర్చుకోవచ్చు.

ఇందుకు వ్యవధి కూడా ఉంది. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు గడిని అప్పటికి ఖాళీగా వదిలేయవచ్చు; ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించుకునే వీలును నిబంధనలు కల్పిస్తున్నాయి. ఈ సంగతి తెలియక ఆసుపత్రి హడావుడిలో తోచిన పేరు రాయించి, ఇంటికి వచ్చాక నాయనమ్మ మొక్కు గుర్తొచ్చి నొచ్చుకునే కుటుంబాలున్నాయి. ఆసుపత్రుల్లోనూ గ్రామ సచివాలయాల్లోనూ ఈ గడువుల వివరాలను బాలింతల బంధువులకు కనబడేలా తెలుగులో రాసిపెట్టాలని అధికారులను కోరుతున్నాం.